లోపల ఎవరూ లేరు

ప్రొద్దుటూరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో జువేరియా, యశ్వంత్ కలిసి స్కూలు బస్సుల యాప్ తయారుచేశారు. పిల్లలు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ స్కూలు కంప్యూటర్‌లో చేరే బస్సు వివరాలను యశ్వంత్ ప్రోగ్రాం జేసన్ అనే పద్ధతిలో మామూలు అక్షరాల్లోకి మార్చి పంపేది. డ్రైవరు ఫోన్లో జువేరియా ప్రోగ్రాం వాటిని మళ్లీ వివరాలుగా మార్చుకునేది. ప్రతి వివరానికీ రెండు వైపులా ఒకే పేరుండాలి; అక్కడి పేరు ఇక్కడ దొరక్కపోతే తప్పు చూపించి ఆగిపోయేలా రాసిందామె.

స్కూలు వాళ్లకు చూపిస్తుండగా అది ఒకసారి ఆగింది. యశ్వంత్‌కు తల కొట్టేసినట్టయింది. పేరు దొరక్కపోతే సున్నా వేసుకుని పోయేలా మార్చేశాడు.

"సున్నా అంటే ఎవురూ లేరని. తెలీదనేది వేరే గదా" అంది జువేరియా.

"ఇంత బయమైతే ఎట్ల పనిజేస్తావు?" అని నవ్వాడతను.

ఎండలు ముదిరాక, బస్సులో మిగిలిన పిల్లల లెక్కకున్న పేరును యశ్వంత్ తన ప్రోగ్రాంలో మార్చాడు. ఆమెకు చెప్పలేదు.

మర్నాడు జమ్మలమడుగు బస్సులో ఆసియా అనే పాప వెనక సీటు కింద నిద్రపోయింది. ఫోన్ 'లోపల ఎవరూ లేరు' అని చూపింది. డ్రైవరు ఖాదర్ తలుపులు మూసి వెళ్లాడు. ఆయన జువేరియాకు మేనమామ. మధ్యాహ్నం బయటికి తీసేసరికి పాప ఒళ్లు కాలిపోతోంది. బతికింది గానీ, మాట సరిగా రావడం లేదు.

ఖాదర్‌ను అరెస్టు చేశారు. యశ్వంత్ తను మార్చిన ఆ పేరును సరిచేసి ఊరుకున్నాడు. జువేరియా స్కూలుకు పోయి జరిగిందంతా చెప్పింది.

"కంప్యూటర్ మాటలు మాకొద్దమ్మా. తప్పు చేసినోడు దొరికినాడు గదా" అంది హెడ్‌మిస్ట్రెస్.

జువేరియా ఉద్యోగం మానేసింది. బెయిలు మీద వచ్చిన మామను చూడటానికి వేంపల్లె వెళ్లింది.

"మామూ, పేరు మార్చింది యశ్వంతు. నాకు తెలీదు."

"ఎవురు మార్చితే ఏంది బేటీ? ముందు రోజూ సీట్ల కింద వంగి సూసేటోన్ని. ఫోను సెప్తాది, నడుం నొప్పితో ఎందుకు వంగుతావు మామూ అన్నావు నువ్వే. నమ్మినా."

ఆయన లేచి లోపలికి పోయాడు.

ఖాదర్ ఇప్పుడు బండి తోలడు. పులివెందుల దగ్గర అరటి తోటల్లో గెలలు మోస్తున్నాడు. జువేరియా వాళ్లింట్లో దావత్ జరిగితే ఆయన భార్య ఖమ్రున్నీసా ఒక్కతే వచ్చి, తిని, తొందరగా వెళ్లిపోతుంది.