సింకు పైన చీటీలు

ఆమె గిన్నెలు కడుగుతూ జపనీస్ నేర్చుకునేది. సింకు పైన గోడకి చీటీలు అంటించి, తెలుగు అక్షరాల్లో రాసుకున్న మాటల్ని పీచు తిప్పే ఊపులోనే వల్లెవేసేది. అన్నిటికన్నా ముందు ‘సుమిమసెన్’ రావాలట. ఎవరినైనా పిలవాలన్నా, దారి అడగాలన్నా, తప్పు జరిగినా అదే మాట: క్షమించండి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె నోటికి అలవాటైందే, కొత్తదల్లా భాష.

కూతురి పరీక్షలు అవగానే ముగ్గురూ జపాన్ చూసిరావాలని అనుకున్నారు. బడి ఆఫీసులో గుమస్తాగా చేరిన పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె వరసగా పదిరోజులు సెలవు పెట్టింది. “నాకెక్కడ కుదురుతుంది, ఆ నాలుగు ముక్కలూ నువ్వే నేర్చుకో” అని భర్త తనకి కావలసినవి చెప్పాడు. ఇది వేడి చేసి ఇవ్వండి. ఇంకో తువ్వాలు కావాలి. ఇది నాకు వద్దు. ఇంట్లో రోజూ వినేవే. ఫొటోలు తీసుకోవచ్చా అని అడగడం కావాలంది కూతురు. నోటుపుస్తకం సగం నిండాక చూసుకుంటే తన కోసం ఒక్క వాక్యమూ లేదు. అప్పుడు చివరి పేజీలో రాసుకుంది: కిటికీ పక్క సీటు ఇవ్వండి.

ఆమెకి అలవాటు కావాలని అత్తగారు కూరలు తరుగుతూ హోటలు గుమ్మంలో మనిషి వేషం కట్టేది. “ఎంతమందమ్మా?”

“సన్నిన్ దెస్.” ముగ్గురం.

“రండి రండి, బల్ల ఇప్పుడే తుడిచాను.”

సరిగ్గా ప్రయాణం ఉన్న వారంలోనే అత్తగారి కంటి ఆపరేషన్‌కి డాక్టరు తేదీ ఇచ్చాడు. మర్నాడు పొద్దున భర్త వంటింటి గుమ్మంలో బూట్లు వేసుకుంటూ తేల్చేశాడు. తనూ కూతురూ వెళ్ళొస్తారట. “నువ్వెలాగూ సెలవు పెట్టావుగా, అమ్మకి ఇబ్బందుండదు. ఆ మాటలన్నీ తెలుగులో రాసిచ్చెయ్, చూసి చదివేస్తా. అదేమంత బ్రహ్మవిద్య. అన్నట్టు, ఇద్దరం అనడానికి ఏమనాలి?”

“ఫుతారి దెస్.”

కుళాయి కింద పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. ఆడబడుచు పురుటికి ఒక ప్రయాణం, మామగారి కాలు విరిగినప్పుడు ఒకటి, ఇంటికి సున్నాలు వేయించినప్పుడు ఒకటి మానుకుంది. ఒక్కసారీ ఎవరూ ఉండమని బతిమాలలేదు. బతిమాలే అవసరం రాకుండా ‘పర్లేదులెండి’ అని తనే ముందు అనేసేది. ఇవాళ కూడా ఆ మాట కోసం నోట్లో వెతుక్కుంది. తెలుగులోనూ దొరకలేదు, జపనీస్‌లోనూ దొరకలేదు.

“చుక్కలు పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు వెయ్యాలండీ” అంది. “కంట్లో నీళ్ళు పడకూడదు. నేనూ పిల్లా వెళ్ళొస్తాం. మీరు సెలవు పెట్టండి. అన్నీ రాసిస్తాను, చూసి చేసేద్దురు గాని. అంతా తెలుగులోనే ఉంటుంది.”

అతని చేతిలో బూటు తాడు ఆగిపోయింది. “నాకు చుక్కలు వెయ్యడం రాదే.”

“నెల కిందట నాకు జపనీస్ రాదండీ.”

అతను కూరల ముందు కూర్చున్న తల్లి వైపు చూశాడు. ఆవిడ ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. “ముందు కన్ను ఎక్కడుంటుందో వాడికి చూపించి వెళ్ళమ్మాయ్” అంది. ఇంకో కాయ అందుకుంటూ, “ఎంతమందమ్మా?” అని కోడల్ని అడిగింది.

“ఫుతారి దెస్.”

ఆమె చేతులు తుడుచుకుని, గోడమీద ‘వేడి చేసి ఇవ్వండి’ చీటీని మెల్లగా ఊడదీసి, దాని వెనక చుక్కల వేళలు రాయడం మొదలుపెట్టింది.