పైపు మీద పడిన గడ్డపార

నేను ఒక గడ్డపారను. ప్రస్తుతం పోలీస్ స్టేషన్‌లో, ఎవరిదో చక్రం ఊడిన మోపెడ్ పక్కన గోడకు ఆని ఉన్నాను. మెడకో చీటీ కట్టారు. 'ఫ్యాక్టరీ పైపును పగలగొట్టిన గడ్డపార' అని దాని మీద రాసి ఉంది. ఆ చీటీ అంటే నాకెంత ఇష్టమో చివర్లో మీకే తెలుస్తుంది.

నేను మొదట ఓ లారీ ఇరుసును. కమ్మరి వీరాచారి కొలిమిలో కాలి, దెబ్బలు తిని, ఒక కొన మొనదేలి బయటికొచ్చాను. మొగులయ్య తండ్రి అంగట్లో కొని నాతో బావి తవ్వాడు. ఆయన పోయాక కొడుకు చేతికి వచ్చాను. మొగులయ్య నన్ను నిలబెట్టి, నా మీద ఆనుకుని ముచ్చట్లు పెట్టేవాడు. అతని భార్య అంతమ్మ పట్టుకున్నాకే నా మొనకు మళ్లీ పని దొరికింది.

అంతమ్మది గాజర్ చేను. క్యారెట్‌ను మా దిక్కు గాజర్ అంటారు. ఆకు పట్టి లాగితే నల్లరేగడిలో గడ్డ విరుగుతుంది. అందుకే ఆమె నన్ను సాలు పక్కన దించి కాస్త వంచుతుంది. మట్టి వదులై గడ్డ చేతికొస్తుంది. బేరగాడు వచ్చిన రోజున అమ్మేవాళ్లు ఒక గడ్డ పీకి, కొంగుకు తుడిచి, అతని ఎదుటే కొరికి తినాలి. ఆ తర్వాతే ధర మాట. అది మా ఊరి పద్ధతి.

వాగుకు ఎగువన పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ వచ్చింది. ఎండాకాలంలోనూ వాగు పారుతోందని ఊరు సంబరపడింది. ఆ నీళ్ల వంతు కోసం జుట్లు పట్టుకున్నారు కూడా. నా ఒంటి మీద బూడిదరంగు పొర కట్టడం నాకు తెలుసు. కానీ ఇనుము మాట ఎవరు వింటారు?

అంతమ్మ మనవరాలు వెన్నెల పొద్దంతా గాజర్లు నములుతూ చేనంతా తిరిగేది. మట్టి కడుపులోకి పోకూడదని అంతమ్మ ప్రతి గడ్డనూ అదే వాగులో ముంచి, రుద్ది రుద్ది కడిగి ఇచ్చేది. కొన్నాళ్లకు పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. ముఖం పాలిపోయింది. నేర్చిన పాఠం మర్నాటికి గుర్తుండేది కాదు. పట్నంలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. ఆ సంగతి అంతమ్మ గట్టు మీద కూలబడి మొగులయ్యకు చెబుతుంటే విన్నాను.

"ఒంట్ల సీసం చేరిందంట. నీళ్లలకెళ్లి మట్టిలకు, మట్టిలకెళ్లి గడ్డలకు ఎక్కుతదంట. కడిగినా పోదంట, తోలు తీసినా మొత్తం పోదంట. పిల్లల మెదడు ఎదగనియ్యదంట, కిడ్నీలు ఖరాబ్ చేస్తదంట. నా చేతులతోనే కడిగి కడిగి పెట్టిన గదనయ్యా."

ఆమె ఏడుస్తుంటే నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆ వారమే బేరగాడు ఉస్మాన్ సేఠ్ బండి తెచ్చాడు. గడ్డలు నిగనిగలాడుతున్నాయి. అలవాటుగా "కొరుకు, అంతమ్మక్కా" అన్నాడు. అంతమ్మ ఒక గడ్డ పీకి, తుడిచి, నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"ఒక్క ముక్కనే, ఏంగాదు. పంటంత పాడైతది," అని గొణిగాడు మొగులయ్య.

"మన పిల్లకు పెట్టంది మందికి పెట్టమంటవా?" అని గడ్డను సేఠ్ చేతిలో పెట్టింది. "ఇది విషం, సేఠ్. దీన్ని నేను అమ్మను."

సేఠ్ ఆ గడ్డను గట్టు మీద పెట్టి, ఖాళీ బండితో తిరిగిపోయాడు.

అంతమ్మ నన్ను భుజాన వేసుకుని తిన్నగా ఫ్యాక్టరీ గేటుకు పోయింది. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "వాగులోకి మేము చుక్క కూడా వదలం తల్లీ. నువ్వే చూడు, ఎక్కడైనా పైపు కనిపిస్తోందా?" మట్టి కప్పేస్తే ఆ వస్తువు లోకంలోనే లేదనుకుంటారు కొందరు మనుషులు. నేలలో గడ్డలు పండించే మనిషితోనా ఆ మాట అనడం?

అంతమ్మ ప్రహరీ బయట వాగు ఒడ్డున నడుస్తూ, గడ్డి మాడిన జాగా చూసి ఆగింది. గాజర్ సాలులో దించినట్టే నన్ను దించి వంచింది. మట్టి లేచింది. ఊరు పోగయ్యింది. మొగులయ్య ఈసారి నా మీద ఆనుకోలేదు, పార తెచ్చి మట్టి తోడాడు. నడుం లోతులో నల్లటి పైపు బయటపడింది. దానికి చిల్లి పెట్టింది నేనే, పొరపాటున కాదు. నా ఒంటికి పట్టిన బూడిదరంగే అందులోంచి చిమ్మింది.

ఫ్యాక్టరీ వాళ్లు ఆస్తి నష్టమని కేసు పెట్టారు. నన్ను జప్తు చేశారు.

"పైపు పగలగొట్టింది దీంతోనేనా?" అని అడిగాడు ఎస్సై.

"దీంతోనే సారు, రాసుకో. పైపే లేదన్నరు గద, మరి లేని పైపును నేనెట్ల పగలగొట్టిన?"

ఫ్యాక్టరీ ఒప్పుకోని ఆ పైపు అప్పటికే ఎస్సై కాగితంలో ఉంది, నా మెడలోని చీటీ మీదా ఉంది.

నిన్న మేనేజర్ రాజీకి వచ్చాడు. కేసు వెనక్కి తీసుకుంటాం, నీ గడ్డపార నువ్వు పట్టుకుపో అన్నాడు. చేను బీడు పడింది, వెన్నెలకు మందులు నడుస్తున్నాయి, అంతమ్మకు నా అవసరం ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చి, చీటీ గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

"కేసు నడవనియ్. ఇది కోర్టుకు రావాలె," అంది.

ఆమె వట్టి చేతులతో వెళ్లిపోయింది. నాకు తుప్పు పట్టడం మొదలైంది. పట్టనీ, ఆ చీటీ ఊడకుంటే చాలు.