సెక్రటరీగారి కుట్ర

ప్రభుత్వాన్ని కూలదొయ్యబోయి ఆయుధాలతో దొరికిపోయిన తీవ్రవాద ముఠాకి నాయకుడెవరో టీవీలో చూసి కళ్లు నులుముకున్నాను. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ! ఆర్నెల్లుగా లిఫ్టు బాగు చేయించలేని మనిషి! మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు మూడో అంతస్తు దిగితే ఒట్టు.

సాయంత్రం అపార్ట్‌మెంటు వాళ్లందరూ మెట్ల దగ్గర చేరారు.

"నాకు వాడి మీద ముందునుంచీ అనుమానమే," అన్నాడు లెక్చరర్.

"అనుమానమా నీ మొహమా! ఎన్నికల ముందు ఇదంతా ప్రభుత్వం ఆడే నాటకం," అని వకీలు ఎగిరిపడ్డాడు. ఇద్దరూ కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. "దేశం కోసం ప్రాణమైనా ఇస్తా!" అంటూ మధ్యలో బీమా ఏజెంటు గుండెలు బాదుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ప్రాణాలొద్దు గానీ అన్నయ్యగారూ, ఇకనుంచి సెక్రటరీ పని మీలో ఎవరు చూస్తారు? రేపు లిఫ్టు మెకానిక్‌ని పిలిపించాలి."

వకీలుకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. లెక్చరర్ మోగని ఫోను చెవికి ఆనించుకున్నాడు. ప్రాణమిచ్చే ఆయన అప్పటికే రెండేసి మెట్లు ఎక్కేస్తున్నాడు.

పైనుంచి అత్తగారు కేకేశారు. "ఏమ్మాయ్, ప్రభుత్వానికేం కాలేదుగా?"

"దానికేం కాలేదత్తయ్యా. మీరు కిందికి దిగడమే ఇప్పట్లో అయ్యేలా లేదు."