పడుగు పట్టినవాళ్ళ సంగటి

మూడో రోజు కూడా సంగటి కుండ నిండుగానే మిగిలింది. కుప్పమ్మకు ఒళ్ళు మండిపోయింది.

యుద్ధం పుణ్యమా అని నగరిలో నూలు దొరక్క, నేతవీధిలో మగ్గాలు మూలపడి రెండు నెలలయింది. చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగడం లేదు. చూసి చూసి, ఆ వీధిలోనే ఉండే కుప్పమ్మ చుట్టుపక్కల పల్లెలు తిరిగి, కాపుటిళ్ళ ఆడవాళ్ళను కూడగట్టింది. ఇంటికి రోజుకో పిడికెడు రాగిపిండి. ఆ ఇళ్ళల్లో మాత్రం గాదెలు పొంగిపొర్లుతున్నాయా? అయినా పొద్దున్నే పిండి తీసేటప్పుడు ముందుగా ఆ పిడికెడు పక్కన పెట్టారు. ఆ సంఘానికి పేరు లేదు, పెద్దలు లేరు. పల్లెల తరఫున నాగులమ్మ గంప నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళు నడిచి వస్తుంది. వీధి మొదట్లో కొట్టం కింద కుప్పమ్మ సంగటి కెలుకుతుంది.

తీరా వండిపెడితే తినడానికి ఒక్కరూ రారు! నలుగురూ చూస్తుండగా కొట్టం ముందు చెయ్యి చాపాలంటే నామోషీ. పిల్లల్ని కూడా గడప దాటనివ్వరు. ఆకలికి లేని సిగ్గు వీళ్ళకెక్కడిది, అని కుప్పమ్మ పళ్ళు నూరింది.

"అక్కా, మావూర్లో అడగతాండారు," అంది నాగులమ్మ. "తినేవాళ్ళే లేకుంటే మేమెందుకు కడుపు కట్టుకోని పెట్టాల అంటాండారు. రేపు గూడా ఇట్లే మిగిలితే నేనింక రాను. వాళ్ళకాడ నాకు మొగం చెల్లదు."

కుప్పమ్మ నేరుగా చౌడప్ప ఇంటికి వెళ్ళింది. వీధికంతా పెద్ద ఆయనే. పడుగుకు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, గంజి పట్టించడంలో నలభై ఏళ్ళుగా ఆయన పనికి వంకపెట్టినవాడు లేడు. ఆయన కదిలితే అందరూ కదులుతారు. ఇంట్లో పొయ్యి మండుతోంది. ఆయన భార్య పెంచలమ్మ అడ్డం వచ్చేలోగా కుప్పమ్మ మూత తీసింది. కుండలో ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి.

"మామా, ఎవురికి సూపించేదానికి ఈ పొగ?"

చౌడప్ప తలెత్తలేదు. "ఊరికే తినేది మాకు అలవాటు లేదు కుప్పమ్మా. పని చేసినింట్లో తింటాం, అంతే."

కుప్పమ్మ తిట్టబోయి ఆగింది. పని చేసిన ఇల్లు! ఆ వీధిలో పడుగు పట్టించడం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. నూలును వీధి పొడవునా చాచి, గంజి పూసి, ఆరేదాకా ఇరవైమంది కుంచెలతో దువ్వాలి. దానికి కూలి ఉండదు. పడుగు ఎవరిదైతే వాళ్ళు అందరికీ సంగటి పెడతారు. అది తినడానికి ఎవరూ సిగ్గుపడరు.

కుప్పమ్మ ఇంట్లో ఒకే ఒక్క పడుగు మిగిలి ఉంది. ఆమె దాన్ని బయటికి లాగగానే మొగుడు కోదండం గగ్గోలు పెట్టాడు.

"అడ్డం నేసేదానికి పేక నూలు యాడుండాది మే? గంజి పట్టించి నెయ్యకుండా పెడితే బూజు పడతాది!"

"పడనీ," అంది కుప్పమ్మ.

తెల్లారగానే వీధిలో నిలబడి కేకేసింది. "మా పడుగు చాస్తాండాము, రాండప్పా, చెయ్యెయ్యండి!"

తలుపులు తెరుచుకున్నాయి. అందరికంటే ముందు చౌడప్ప కుంచె పట్టుకుని వచ్చాడు. ఎండెక్కేసరికి పని ముగిసింది. పెద్దలూ పిల్లలూ వరసగా కూర్చుని తిన్నారు. కుండ అడుగు గీకిన చప్పుడు విని నాగులమ్మ నవ్వింది. కుప్పమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఒక ముద్ద పెట్టడానికి ఇన్ని వేషాలు వెయ్యాలా?

"రేపేం చేస్తావు?" అన్నాడు కోదండం. "ఒక పడుగును ఎన్నితూర్లు పట్టిస్తావు?"

కుప్పమ్మ ఖాళీ కుండ కడగడానికి పోయింది.

మర్నాడు నాగులమ్మ గంప దించింది. కుప్పమ్మ ఎసరు పెట్టిందే గానీ పిండి పొయ్యడానికి చెయ్యి రాలేదు. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మళ్ళీ మిగలబోయే కుండ, రేపటినుంచి రాని గంప, ఈ పాడు పౌరుషం. అన్నీ కలిసి ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు చౌడప్ప వచ్చాడు. కోదండం గడప ముందు నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తాడు.

"కోదండా! నిన్న నేను పట్టించిన గంజి సరింగా పట్టలేదప్పా. తప్పు నాదే. పడుగు బయటికి తియ్, మళ్ళా పట్టించాల."

కోదండం పడుగు తెచ్చి వెలుతురులో చూశాడు. ఒక్క పోగు కూడా అతుక్కోలేదు. ఎక్కడా ఒక ముడి లేదు, గంజి చక్కగా పట్టింది. చౌడప్ప మొహంకేసి చూశాడు. పెద్దాయన కళ్ళు నేలమీద ఉన్నాయి.

కోదండం వీధివైపు తిరిగాడు.

"అవును మామా," అన్నాడు గట్టిగా. "బాగా పట్టలేదు."