మధ్యాహ్నం దిగిన ఆకాశం

ఉత్తర ధ్రువానికి జ్వరమొస్తే ఇక్కడ పెరూ రాజధాని లీమా తుమ్ముతుందా అని బసుర్తో మూడేళ్లుగా పరిశోధకురాలు నెలీదాను ఏడిపిస్తున్నాడు. లీమా దాటాక గడ్డిపోచ మొలవని కొండల మధ్య ఉన్న రాడార్‌కు ఆయనే పెద్ద. ఎవరినైనా ఏడిపించందే ఆయనకు అన్నం సహించదు.

ధ్రువం మీద పైగాలి ఉన్నట్టుండి వేడెక్కితే, కొద్ది రోజుల్లో మన నెత్తి మీద ఎంతో ఎత్తున ఉండే విద్యుత్ కణాల పొర, అయనోస్ఫియర్, తిక్క వేషాలు వేస్తుందని నెలీదా వాదం. మామూలుగా అది పగలంతా మెల్లగా పైకే పోతుంది. అలాంటప్పుడు మాత్రం పొద్దున ఎగిరెగిరి లేచి, మధ్యాహ్నానికి కిందికి దిగుతుందట. ఈ జనవరిలో ధ్రువం నిజంగానే వేడెక్కింది.

"ఈసారీ కనబడకపోతే రాడార్ ఇంకొకరికి ఇచ్చేస్తా," అన్నాడు బసుర్తో.

కొద్ది రోజులకు ఒక పొద్దున, తెర మీద ఆ పొర కదలికను చూపే గీత జోరుగా పైకి లేచింది. నెలీదా కంటే, అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే టెక్నీషియన్ ఎఫ్రాయిన్ ఎక్కువ మురిసిపోయాడు. భూమితల్లికి ఇంత పోయకుండా ఏ పనీ మొదలుపెట్టని మనిషి. వాకిట్లో నాలుగు చుక్కల బీరు పోస్తే సరిపోయేది. యంత్రం మాత్రం ఏం పాపం చేసిందని రిసీవర్ మీద కూడా చిలకరించాడు. వెనక భాగం తడిసింది. నాలిక్కరుచుకుని రెండు వైర్లు పీకి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఆ రెండూ తారుమారైతే పైకి పోయేది కిందికి పోతున్నట్టు కనబడుతుంది.

భోజనాలయ్యి వచ్చేసరికి గీత కిందికి దిగుతోంది.

"రాడార్‌కి బీరెక్కిందిరోయ్!" బసుర్తో పొట్ట పట్టుకుని నవ్వాడు.

తను చెప్పింది ఇదే కదా అని నెలీదాకు ఒక్క క్షణం తట్టింది. కానీ ఆ నవ్వు చెవుల్లో పడ్డాక, వైర్లే తారుమారై ఉంటాయనిపించింది. కోపమంతా ఎఫ్రాయిన్ మీదికి మళ్లింది.

"వైర్లు మార్చి పెట్టారు కదూ?"

"లేదమ్మా. ఎక్కడివి అక్కడే పెట్టా."

"తాగి పెట్టారు!"

"పోసింది భూమికమ్మా. అడుగున మిగిలిందే నేను తాగా."

అందరి ముందూ ఆయన్ని పక్కకు నెట్టి, తనే వైర్లు మార్చింది. గీత బుద్ధిగా పైకి పోయింది. ఎఫ్రాయిన్ టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె తెర ముందుకొచ్చింది. గీత పాతాళానికి దూకుతోంది. ధ్రువం వేడెక్కినా చల్లబడినా పొద్దుటిపూట అలా దిగదు. అంటే తప్పుగా ఉన్నవి ఇప్పటి వైర్లు. నిన్న అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నిన్న ఆకాశం నిజంగానే దిగింది.

తప్పు వైర్లతో వచ్చిన అంకెలు తిప్పి సరిచేసుకోవచ్చు, అదేం పెద్ద పని కాదు. "వైర్లు మార్చింది నేనే, బుద్ధి గడ్డి తిని," అని బసుర్తోకు ముఖం మీదే చెప్పింది. ఆయన నవ్వబోయి, ఎందుకో మానుకున్నాడు.

ఎఫ్రాయిన్ ఆంటెన్నాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని బోల్టులు బిగిస్తున్నాడు. నెలీదా సిగ్గుతో చచ్చిపోతూ ఎదురుగా నిలబడింది.

"తప్పయిపోయింది, దోన్ ఎఫ్రాయిన్. అందరి ముందూ తాగుబోతన్నాను."

"దానికేంలే అమ్మా, మా ఆవిడ రోజూ అంటుంది." ఆయన తలెత్తలేదు. "మూడేళ్లుగా మీరు దిగుతుంది దిగుతుంది అంటుంటే, ఈ కొండల్లో మనమిద్దరమే నమ్ముతున్నాం అనుకున్నా. తీరా చూస్తే నేనొక్కణ్ణే."