పెద్దకోడలి నొప్పి

పొద్దున్నే ఇస్త్రీ షాపు తలుపు తీసేది పెద్దకోడలు. ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో వేలితో తాకి చూసేదీ ఆమే. అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కునేది మాత్రం గది ఆ చివర చొక్కాలు మడతపెట్టే చిన్నకోడలు.

"కాసిని నీళ్ళు చిలకరించి చూడరాదూ అక్కా? నా వేలితో నాకింకా పనుంది," అనేది.

"కాలినట్టు నాకు తెలిస్తేగా చెల్లీ," అనేది పెద్దామె.

మొదట్నుంచీ ఇలా లేదు. ఆ మధ్య పెద్దకోడలు కళ్ళు తిరిగి పడిపోయింది. లేచాక మాటా నడకా కుదురుకున్నాయి గానీ, ఎడమ చెంపకీ, మెడ కింద కుడివైపు ఒంటికంతటికీ వేడి తెలియదు, నొప్పి తెలియదు. గుడ్డ తాకితే మాత్రం చక్కగా తెలుస్తుంది. ఇదేం చోద్యమని అడిగితే డాక్టరమ్మ తన మెడ వెనకాల చెయ్యి పెట్టి చూపించింది. మెదడు కింద బొటనవేలంత లావున ఒక కాడ ఉంటుందట. ఒంట్లో కబుర్లన్నీ అందులోంచే పైకెక్కాలట. స్పర్శది ఒక దారి, వేడీ నొప్పీ పోయేది ఇంకో దారి. కుడివైపు ఒంటి నొప్పి ఎడమపక్కకి దాటి వస్తుంది, ఎడమ చెంప నొప్పి ఆ పక్కనే నడుస్తుంది. సరిగ్గా అక్కడే గోరంత మేర రక్తం అందక ఎండిపోయింది.

"మరి అక్కడ ఆగిపోయినవన్నీ ఎటుపోతాయమ్మా?" అని చిన్నకోడలు అడిగింది, తన కుడిచెయ్యి నిమురుకుంటూ.

డాక్టరమ్మ ఆమె వంక చూసి, కాలితే రాసుకునే మందు ఆమెకే రాసిచ్చింది.

ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పెద్దామె స్నానం చేస్తుంటే చిన్నామె వంటింట్లోంచి "ఇంకో చెంబు చన్నీళ్ళు కలుపక్కా" అని కేకేసేది. ఒక్కర్తే కూర్చున్నప్పుడు ఆమె ఎడమ చెంప మీద ఎవరో ఊపిరి వదిలినట్టు వెచ్చబడేది. అక్క ఎక్కడో ఆవిరి మీదికి వంగిందన్నమాట.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు పొత్తికడుపు కుడిపక్క పట్టుకుని బట్టల మూటల మధ్య కూలబడింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నొక్కి చూస్తే కడుపు దూదిలా మెత్తగా ఉంది. రక్తపరీక్షలోనూ ఏమీ లేదు. మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతోంది. పెద్దకోడలు మంచం మీదికి వంగి ఆమె కాళ్ళు ఒత్తుతోంది.

"ఇది నాది కాదక్కా, నీది. నువ్వు పడుకో."

"నాకేమైందే? ఇప్పుడేగా కడుపునిండా తిని వచ్చాను."

"నువ్వు వంగినప్పుడల్లా నా ప్రాణం పోతోంది."

పెద్దకోడలు నిటారుగా నిలబడింది. చెల్లి మూలుగు తగ్గింది. మళ్ళీ నెమ్మదిగా వంగి చూసింది. చెల్లి దిండు కొరుక్కుంది. పెద్దామె పక్క మంచం ఎక్కి పడుకుంది. డాక్టరమ్మ ఆమె కడుపు నొక్కగానే ఇటు చిన్నామె కెవ్వుమంది.

"అపెండిక్స్ వాచింది. రేపటిదాకా ఆగుంటే లోపల పగిలిపోయేది. మీరు దక్కేవారు కాదు," అంది డాక్టరమ్మ.

మత్తు చిన్నకోడలికిచ్చారు. కోత పెద్దకోడలికి పెట్టారు. కోస్తున్నంతసేపూ పెద్దామె కళ్ళు తెరుచుకునే ఉంది. గంపలోంచి తడిబట్టలు ఒక్కొక్కటే తీస్తున్నట్టు కడుపులో చేతులు మెదలడం తెలుస్తోంది, అంతే. పక్కకి తిరిగి చూస్తే నిద్రలో ఉన్న చెల్లి కంటి కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కుట్లు మానేదాకా మంచం దిగకూడదు. తెగితే మళ్ళీ కుట్టడానికి మనిషి మిగలదు," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది.

పెద్దకోడలు పుట్టి బుద్ధెరిగాక ఒకచోట కుదురుగా ఉన్నది లేదు. నొప్పి లేదాయె. షాపులో బట్టలు కొండలా పడి ఉంటాయి. తెల్లారగానే, లేద్దామని కుడి మోకాలు పైకి లాక్కుంది.

పక్క మంచం మీద చెల్లి నుదురు ముడిపడింది.

పెద్దకోడలు మోకాలు మెల్లగా కిందికి దించింది. ఆ నుదురు మళ్ళీ సాఫీ అయ్యేదాకా ఊపిరి కూడా పైపైనే తీసుకుంటూ, అటే చూస్తూ పడుకుంది.