కోటబొమ్మాళి మనవరాలు

ఆ వార్త రాసింది నేనే. పేపర్లో నా పేరు ఉండదు, మండల విలేకరులెవరికీ ఉండదు. కానీ రాసింది మాత్రం నేనే.

పొద్దున పూట ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, మిగతా పూట కోటబొమ్మాళి మండలం వార్తలు పంపుతుంటాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. సోమవారం మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి, జిల్లా పేజీలు చూసే ఉదయభాస్కర్ గారు ఫోన్ చేశారు.

"ఆనంద్, ఇషానా రావ్ పేరు విన్నావా?"

"లేదండి."

"విదేశాల్లో సినిమా తీసి పెద్ద అవార్డు కొట్టిందయ్యా. వయసు ముప్పై ఒకటి. వాళ్లమ్మ ఉత్తరాంధ్ర మనిషట. మీ కోటబొమ్మాళి వైపేనని వినికిడి. అమ్మమ్మ ఇల్లు పట్టుకో. ఆరింటికల్లా ఐటం నా దగ్గరుండాలి."

"మా వైపని ఎవరు చెప్పారండి?"

"నెట్‌లో ఉందయ్యా. అన్నీ అడుగుతావేటి? బేగి సూడు."

స్టేషన్ దగ్గర ఎల్లాజీ టీ కొట్టుకి వెళ్లి అడిగాను. ఈ ఊరినుంచి ఆడపిల్ల ఎవరైనా చాలా ఏళ్ల కిందట దూరం వెళ్లిపోయిందా అని. ఎల్లాజీ గ్లాసులు కడుగుతూనే చెప్పాడు.

"ఎల్లినోలకేటి, శానామంది ఎల్లినారు. అందరూ తిరిగొచ్చినారు. రానిది గున్నమ్మ కూతురు సిన్నతల్లి ఒక్కర్తే. మేస్త్రీతో సెన్నై పనికని రైలెక్కినాది. మరి కబురు లేదు."

"చెన్నై నుంచి విదేశం వెళ్లి ఉంటుందంటావా?"

"ఎల్లుంటాదేమో. నాకేటి తెలుసు? నాను టీ కాసుకునేవోడిని."

గున్నమ్మ ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. మనవరాలి పెళ్లి మాటలకి పాతపట్నం వెళ్లిందన్నారు. అప్పటికే అయిదు దాటింది. అవార్డు వచ్చిన దర్శకురాలి తల్లి గున్నమ్మ కూతురు చిన్నతల్లే అయి ఉండవచ్చని స్థానికులు చర్చించుకుంటున్నారు అని రాసి పంపాను. తెలియని సంగతి రాయాల్సి వచ్చినప్పుడు మేమంతా రాసే మాట అది. అలా రాస్తే తప్పు మన మీదికి రాదని నాకు మొదట్లోనే నేర్పారు.

మర్నాడు పేపర్లో 'చర్చించుకుంటున్నారు' లేదు. 'కోటబొమ్మాళి మనవరాలికి ప్రపంచ కీర్తి' అని ఉంది. కింద ఇషానా రావ్ ఫొటో.

ఆ సాయంత్రమే గున్నమ్మ మా ఇంటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, కూరగాయల బుట్ట నెత్తిమీద పెట్టుకుని ఇప్పటికీ మూడు ఊళ్లు తిరుగుతుంది. ఆ రోజు బుట్ట లేదు. చేతిలో పేపరు మడత ఉంది.

"బాబూ, నువ్వేనా ఇది రాసినావు?"

"అవునమ్మా, కానీ..."

"నుదురు సూడు. నా గుంట, నా సిన్నతల్లి నుదురే. సచ్చిపోనాదన్నారు బాబూ అందరూ. నా కొడుకే అన్నాడు. దాని కూతురు పేపర్లో కనబడ్డాదంటే తల్లి బతికే ఉన్నాది కదా?"

నేనేం చెప్పానో నాకు సరిగా గుర్తులేదు. కనుక్కుంటానమ్మా అన్నాననుకుంటాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన అరగంటకి కొడుకు గంగులు వచ్చాడు. ఆయనకి కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది.

"ఏటి సేసినావయ్యా నువ్వు? గురువారం కాదు, ఆ పై గురువారం మా సెల్లికి కర్మ పెట్టుకున్నాం. పంతులు గారితో మాటైపోనాది. మా బిందుకి సంబంధం కుదిరినాది గదా, మగపెళ్లోరు అడిగినారు. మీ ఇంటి ఆడపిల్ల ఉన్నట్టా, పోయినట్టా, ఏదో ఒకటి తేల్చండని. ఇన్నేళ్లకి మాయమ్మ ఊఁ అన్నాది. ఇప్పుడు పేపరు సూసి, బతికున్న గుంటకి కర్మ సేస్తారేటిరా అని కర్ర తీసినాది. సెప్పు, మా సెల్లి ఉన్నాదా, లేదా?"

"నాకు తెలీదు గంగులు గారూ."

"తెలీకుండా ఎలాగ రాసినావు?"



మా వైపు, మనిషి కనబడకుండా పన్నెండేళ్లు దాటితే దర్భలతో ఆకారం కట్టి దహనం చేసి కర్మ పెడతారు. పౌరోహిత్యం చేసే కూర్మనాథం గారిని అడిగాను. ఆయన పంచాంగం పక్కన పెట్టి చెప్పారు.

"పేపరు నాకు ప్రమాణం కాదు నాయనా. కానీ కన్నతల్లి, నా బిడ్డ బతికే ఉంది అని నిలబడితే నేను దర్భ ముట్టుకోను. ఏదైనా ఆవిడ నోటి నుంచి రావాలి."

అంటే నేను రాసిన నాలుగు లైన్ల మీద ఒక మనిషి చావుబతుకుల సంగతీ, ఒక పిల్ల పెళ్లీ ఆగిపోయాయన్నమాట. బుధవారం ఉదయభాస్కర్ గారికి ఫోన్ చేసి, కోటబొమ్మాళి అని నెట్‌లో ఎక్కడుందో చెప్పమన్నాను. ఒక పోర్టల్ పేరు చెప్పారు. పోర్టల్ వాళ్లు టీవీలో చూసి పెట్టామన్నారు. ఆ ఛానల్లో పనిచేసే నా క్లాస్‌మేట్‌ని పట్టుకుంటే వాడు కాసేపటికి తిరిగి ఫోన్ చేసి నవ్వాడు.

"ఒరే, మేం మీ పేపరు వెబ్‌సైట్ చూసే వేశాంరా."

మా వెబ్‌సైట్ చూశాను. అవార్డు వచ్చిన రోజున ఎవరో రాశారు: 'రావ్ అన్న ఇంటిపేరును బట్టి తెలుగు మూలాలున్నట్టు తెలుస్తోంది. ఉత్తరాంధ్ర వాసి అని భావిస్తున్నారు.' ఎవరు భావిస్తున్నారో లేదు. పోర్టల్‌లో అది శ్రీకాకుళమైంది. కోటబొమ్మాళి ఎక్కడ చేరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మా నుంచే బయల్దేరిన మాట ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చి, నిజమేనా అని అడిగింది. నేను నిజమే అన్నాను.

ఇషానా రావ్ సినిమా కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక ఈమెయిల్ ఉంటే దానికి ఇంగ్లిష్‌లో ఉత్తరం రాశాను. మూడుసార్లు దిద్దుకున్నాను. ఆదివారం ఉదయం జవాబు వచ్చింది. ఆమె తండ్రిది మంగళూరు. తల్లి నైరోబీలో పుట్టిన డాక్టరు. ఇద్దరూ ఇంగ్లండ్‌లోనే ఉంటున్నారు. శ్రీకాకుళం వాళ్లెప్పుడూ రాలేదు. దయచేసి ఆ వార్త తొలగించండి అని చివర్న ఉంది.

ముందు ఉదయభాస్కర్ గారికి చదివి వినిపించి, సవరణ వేయమన్నాను.

"నువ్వు రాసిందేటి? చర్చించుకుంటున్నారని. చర్చించుకున్నారా లేదా?"

"ఎల్లాజీ ఒక్కడే..."

"ఎవడో ఒకడు అన్నాడు కదా. మరి తప్పెక్కడుంది? ఇంకో వార్త రాయి. కూతురి కోసం ఎదురు చూస్తున్న తల్లి అని. మంచి ఫొటో పెట్టు."

ఆయన చెడ్డవాడు కాడు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చి చూశాడు. ఆ మాట విన్నాక ఆయన గురించి ఏమనుకోవాలో నాకు తెలియలేదు. సవరణ నేనే రాసి పంపించి గున్నమ్మ ఇంటికి బయల్దేరాను.

ఇంటి ముందు బిందు బట్టలు ఆరేస్తోంది. ఇంటర్ చదివిన పిల్ల. నా ముఖం చూసి తనే అడిగింది.

"మా అత్త కాదని తెలిసిందా సార్?"

"నీకెలా తెలుసు?"

"పేపర్లో మీరే రాసినారు కదా, ఆవిడకి ముప్పై ఒకటని. మా అత్త రైలెక్కి ఇరవై ఎనిమిదేళ్లు. అప్పటికింకా పెళ్లే కాలేదు. లెక్క కుదరదు కదా సార్."

డిగ్రీలో నాది లెక్కల గ్రూపు.

"మంగళవారమే చూశావా? మరి మీ నాన్నమ్మకి చెప్పలేదేం?"

"రెండు పూటలా అన్నం తింటన్నాది సార్. పాటలు పాడతన్నాది. నాను సెప్పలేకపోనాను."

గున్నమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. గంగులు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఈమెయిల్ తెలుగులో చెప్పాను. ఎక్కడా ఆపలేదు, ఏదీ తగ్గించలేదు. తప్పు నాదే అన్నాను. ఆమె కాయలు తుంపుతూనే విన్నది.

"ఆ కాగితంలో నా గుంట సచ్చిపోనాదని ఉన్నాదేటి?"

"లేదమ్మా. వాళ్లకి చిన్నతల్లి ఎవరో కూడా తెలీదు."

"మరి బతికున్నాదని?"

"అదీ లేదమ్మా."

"అయితే నీ పేపరు రాకముందు నాకేటీ తెలీదు. ఇప్పుడూ తెలీదు. నడిమిన అయిదు రోజులు మాత్రం తెలుసు." చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. "బాగున్నాది బాబూ, ఆ అయిదు రోజులు. నిన్ను తిట్టాలో, ఏటి సెయ్యాలో తెలీడం లేదు నాకు."

గంగులు ఫోన్ చేస్తే కూర్మనాథం గారు సైకిలు మీద వచ్చారు. గుమ్మం బయటే నిలబడి అడిగారు.

"నీ మాట చెప్పమ్మా. అమ్మాయి ఉందా, లేదా?"

"నాకు తెలీదు పంతులు గారూ. నిజంగా తెలీదు. ఇప్పుడు దర్భ ముట్టుకుంటారా, ముట్టుకోరా?"

"తెలిస్తే దర్భలతో పనేముందమ్మా? తెలియని వాళ్ల కోసమే అది పెట్టారు."

గున్నమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని మిగిలిన కాయలు తుంపింది. గంగులు ఏదో అనబోతే బిందు చెయ్యి పట్టుకుని ఆపింది.

"గురువారం రండి," అంది గున్నమ్మ చివరికి. నా వైపు తిరిగి, "నువ్వూ రావాలి. రాసినోడివి కదా," అంది.

గురువారం ఉదయం కాలువ గట్టు మీద దర్భల ఆకారానికి పసుపుచీర ముక్క చుట్టారు. గంగులు నిప్పు పెట్టాడు. అది మండటానికి ఎంతోసేపు పట్టలేదు. గున్నమ్మ ఏడవలేదు, మిగతా ఆడవాళ్లు ఏడిచారు. అయ్యాక ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది.

"నీ పేపర్లో ఏసినారేటి, ఆ వార్త తప్పని?"

సవరణ ఆ రోజుకీ రాలేదు. లోపలి పేజీలో ఇంకో వార్త ఉంది. చదివి వినిపించాను. ఇషానా రావ్ తల్లి బొబ్బిలి ఆడపడుచేనట. పార్వతీదేవి అనే ముసలావిడ, టీవీలో చూసి గుర్తుపట్టానని కన్నీళ్లు పెట్టుకుందట.

"ఆయమ్మకి ఎవులైనా సెప్పినారేటి?" అంది గున్నమ్మ.

"చెప్పి ఉండరమ్మా."

"ఎల్లు మరి. ఇక్కడ కూకుని ఏటి సేస్తావు? ఆయమ్మ అన్నం తినడం మొదలెట్టక ముందే ఎల్లు."

బడికి సెలవు చెప్పి శ్రీకాకుళం బస్సెక్కాను. అక్కడ మారి బొబ్బిలి వెళ్లాలి. వార్తలో వీధి పేరు రాయలేదు. ఈమెయిల్ ప్రింటు జేబులో ఉంది. ఆ పెద్దావిడకి కూడా ఎక్కడో ఒక కూతురు తప్పిపోయి ఉంటుందా, లేక మా బొబ్బిలి విలేకరి సాయంత్రం ఆరింటి లోపల ఆవిడ చేత ఆ మాట అనిపించాడా? ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా ఆలోచించాను. నరసన్నపేట దాటినా తెలియలేదు.